మా పెరటి దోవ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పెరట్లో నాలుగడుగుల బాట వేసి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. అది అంత చెప్పుకోదగిన పని కాదనుకున్నారు కాబోలు. మేమూ అట్లాగే అనుకున్నాము. అట్లా అనుకోవడంవల్ల మా ఇంట జరిగిన నష్టమూ, దానిని దిద్దుకోవడానికి మేము పడిన పాట్లూ, అందులో నేర్చుకున్న నాలుగు ముక్కలూ మన పత్రిక చదివే కుటుంబాలకు పనికిరావచ్చునని ఇది వ్రాస్తున్నాము. మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరం కలిసి వ్రాస్తున్నాము గనుక, ఏ పొరపాటు ఎవరిది అనే సంగతి ఇందులో రాదు. అది మా మధ్య ఒప్పందం.

మా తాతగారు కడప జిల్లానుండి బెంగుళూరు వచ్చి స్థిరపడ్డారు. మాతో మూడు తరాలైనది. ఇంట్లో మాట తెలుగే. అయినా పెరటిని మా పిల్లలు 'హిత్తలు' అంటారు. కంకరను మేమే 'జల్లి' అంటాము. జయనగరలో మా నాన్నగారు 1968లో కట్టించిన ఇంట్లోనే ఈనాటికీ వున్నాము. ఇంటికి వెనుకా పక్కనా కలిపి 1500 చదరపు అడుగుల ఖాళీ స్థలం. అందులో ఒక గిలక బావి, తులసికోట, మామిడి చెట్టు, కరివేపాకు, పారిజాతం, బట్టలుతికే బండ. మిగిలినదంతా ఎర్రమట్టి. ఆ మట్టిని అమ్మ రోజూ తెల్లవారుజామున ఊడ్చి, నీళ్ళు చల్లి, కోట ముందు ముగ్గు వేసేది. తరువాత బావి దాకా వెళ్ళి, పారిజాతం క్రింద రాలిన పూలు ఏరుకొని వచ్చేది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటినుండి ఆమెకు అది నిత్యకృత్యం.

నాన్నగారు 2010లో కాలం చేశారు. మరుసటి సంవత్సరం వానలకు పెరడంతా బురదయినది. కోడళ్ళు తడిబట్టలు ఆరవేయడానికి వెళ్ళి వచ్చేసరికి కాళ్ళనిండా మట్టి. ఆ మట్టి వంటింటి దాకా. ఇక లాభం లేదు, పెరటికి నేల వేయించవలసిందేనని నిశ్చయించాము. మాలో ఒకరు సిమెంటు వేద్దామన్నారు, కారు కూడా లోపల పెట్టుకోవచ్చునని. ఒకరు కడప బండలు పరుద్దామన్నారు. చివరకు కడప బండలే గెలిచినవి. ఎందుకంటే మా నాన్నగారికి ఆ రాయి అంటే ప్రాణం. ఎర్రగుంట్ల ప్రాంతంనుండి వచ్చే ఆ నల్లని బండలను ఇంటి హాల్లో పరిపించి, వచ్చినవారందరికీ "ఇది మా సీమ రాయి" అని చూపించేవారు. ఆయన జ్ఞాపకంగా పెరట్లో కూడా అదే వుండాలని మా మనస్సుకు తోచింది. అడుగున నాలుగంగుళాల కాంక్రీటు పోయించి, దాని మీద మెరుగు పెట్టిన కడప బండలు, సందులలో సిమెంటు; మొత్తం 900 చదరపు అడుగులు.

అమ్మను అడిగారా అంటారేమో. అడిగాము. "మీ ఇష్టం నాయనా" అన్నది. మీ ఇష్టం అనే మాటకు వద్దు అనే అర్థం కూడా వుంటుందని మాకు అప్పటికి తెలియదు.

మొదట్లో చాలా బాగానే వున్నది. నల్లని బండ మీద తెల్లని ముగ్గు పడితే ఇరుగుపొరుగువారు గోడ మీదుగా తొంగి చూసి మెచ్చుకొన్నారు. ఎండలు ముదిరేసరికి మొదటి లోపం తెలిసింది. మధ్యాహ్నం ఆ నల్లరాయి మీద చెప్పులు లేకుండా కాలు పెట్టడానికి లేదు. రెండవది, ఇత్తడి సామాను చింతపండుతో తోమిన నీళ్ళు పడిన చోటల్లా తెల్లని మచ్చలు లేచినవి. కడప రాయి సున్నపురాయి జాతిది. పులుపు తగిలితే దాని మెరుగు పోతుంది. ఈ సంగతి మేము తరువాత తెలుసుకొన్నాము. మూడవ లోపం తెలిసేసరికి ఆలస్యమైనది. 2012 జూలైలో, రాత్రంతా సన్నని తుంపర పడిన మరునాడు తెల్లవారుజామున, అమ్మ కోట దగ్గర జారి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషను అయినది, ఇంటికి వచ్చింది, వాకరు పట్టుకొని గదిలో నాలుగడుగులు వేయనూ నేర్చింది. కాని పెరటి గుమ్మం దాటడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు. గుమ్మం దాకా వచ్చేది, ఆ నల్లని మెరుపు చూసేది, వెనక్కు తిరిగేది. మా ఇంటి కోడళ్ళు కిటికీ ముందు ఒక కుండీలో తులసి మొక్క నాటి పెట్టారు. దానికి నీళ్ళు పోసేది గాని, "కోటలోది ఎట్లా వుందే?" అని రోజూ వాళ్ళను అడిగేది. మమ్మల్ని మాత్రం ఒక్కమాట అనలేదు. పైగా మేము వినేటట్టు, "రాయిదేముంది, నేనే చూసుకోలేదు" అన్నది. తిట్టి వుంటే ఎంతో సుఖంగా వుండేది.

ఇట్లా తొమ్మిది నెలలు గడిచినవి. ఈ లోపున మామిడి చెట్టు కూడా ఆకు రాల్చడం మొదలుపెట్టింది. బావి ఎప్పుడో అడుగంటినది. దానిలో పూడిక తీయిస్తే నీరు ఊరుతుందేమో చూద్దామని, 2013 వేసవిలో బావులు త్రవ్వే ఒక పెద్దాయనను పిలిపించాము. బెంగుళూరు చుట్టుపక్కల ఈ పని తరతరాలుగా చేసేవారు వడ్డెరలు. కన్నడంలో మణ్ణు వడ్డరు అంటారు, భోవి అనే పేరు కూడా వున్నది. ఆయన మాతో కన్నడంలోనే మాట్లాడాడు. బావిలోకి తొంగి చూసి, పెరడంతా ఒకసారి కలయజూసి, వెంట వచ్చిన కొడుకుతో తెలుగులో అన్నాడు: "ఇంత రాయి పరిచి, నీళ్ళు యాడికి పొమ్మంటారురా వీళ్ళు?"

కిటికీ దగ్గర కూర్చున్న అమ్మ ఆ మాట విన్నది. "ఏమప్పా, మీది ఏ వూరు?" అని తెలుగులో అడిగింది. ఆయన ఉలిక్కిపడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొన్నాడు. "వూరు తెలీదమ్మా. తాతలనాడే ఈ పక్కకు వచ్చినాము. మాట మాత్రం ఇంట్లో ఇదే" అన్నాడు. వారిలో చాలామందికి ఇంటి భాష తెలుగేనని మేము విని వున్నాము గాని, మా పెరట్లో వినడం అదే మొదలు. వూరి పేరు చెప్పుకొని, వూరి రాయి తెచ్చుకొని మురిసిపోయే మాకు, వూరి పేరు కూడా మిగలకుండా భాషను మాత్రం నిలుపుకొన్న ఆ మనిషిని చూసి కొంచెం సిగ్గు వేసింది. అమ్మ ఆయనకు కాఫీ ఇప్పించి, గంటసేపు మాట్లాడింది. ఆ గంటలో మా పెరటి జాతకం మారిపోయినది.

ఆయన చెప్పినది ఇంతే: "దోవ యాడ కావాలో ఆడ రాయి వెయ్యాల. తక్కినది నీళ్ళకు ఇడిచిపెట్టాల." మేము ఇంటికి వచ్చి లెక్క వేసి చూసుకొన్నాము. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. బెంగుళూరులో సాలుకు సగటున సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా 1500 చదరపు అడుగులు అంటే 139 చదరపు మీటర్లు. అంటే ఆ పెరటి మీదనే సంవత్సరానికి లక్షా ముప్పైఅయిదువేల లీటర్ల వాన. అందులో ఎక్కువ భాగాన్ని మేము ఖర్చుపెట్టి మరీ వీధి కాలువలోకి పంపుతున్నాము. ఈ నగరంలో 2400 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలాలలోని ఇళ్ళకు వాన నీటిని పట్టి వుంచడం తప్పనిసరి చేస్తూ 2009లోనే చట్టం వచ్చింది. దాని ప్రకారం మేము కప్పు మీది నీటికి ఒక గొట్టం పెట్టించి, చేతులు దులుపుకొన్నాము. నేల సంగతి ఆలోచించలేదు.

బండలన్నీ పెకలించాము. క్రింది కాంక్రీటు పగులగొట్టడానికి వారం పట్టింది. ఇక కొత్త బాట ఎక్కడ వేయాలి? మేము కాగితం మీద గీతలు గీయబోతే, ఆ పెద్దాయన వద్దన్నాడు. "పది దినాలు వట్టి మట్టి మీద నడవండి. కాళ్ళే గీత గీస్తాయి" అన్నాడు. నేలను చదును చేసి, నీళ్ళు చల్లి వదిలాము. పదవ రోజుకు నిజంగానే దోవ కనబడింది. వంటింటి గుమ్మంనుండి తులసికోటకు, కోటనుండి బావికి, బావినుండి బట్టలారవేసే తీగ దగ్గరకు. మేము కాగితం మీద గీసినది తిన్నని గీత. కాళ్ళు గీసినది మామిడి చెట్టు వైపు కొంచెం వంగిన గీత. దాని మీద ముగ్గుపిండి చల్లి అమ్మకు చూపించాము. కిటికీలోనుండి చూసి నవ్వి, "నేనెప్పుడూ ఆ చెట్టు మీద చెయ్యి వేసి కాస్త నిలబడి పోయేదాన్ని. కోడళ్ళకూ అదే అలవాటైనట్టుంది" అన్నది. నలభై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో వున్న మాకు ఆ సంగతి తెలియదు.

బాట పొడవు 65 అడుగులు వచ్చింది. ఒక్కరు నడవడానికి రెండున్నర అడుగుల వెడల్పు చాలును. కాని వాకరు పట్టుకొన్న మనిషి పక్కన మరొకరు చెయ్యి పట్టుకొని నడవాలంటే నాలుగడుగులు కావాలి. మేము నాలుగే పెట్టాము. అంటే మొత్తం 260 చదరపు అడుగులు. మునుపు 900 అడుగులు కప్పిన చోట 260 అడుగులతో పని జరిగింది.

ఇక ఏ రాయి అన్న ప్రశ్న. అంగడికి వెళితే అమ్మేవారు చూపించే రకాలకు అంతు లేదు. వాటి గుణదోషాలు మేము తెలుసుకొన్నంతవరకు చెబుతాము. తెల్లని గులకరాళ్ళు చూడ ముచ్చటగా వుంటవి. నీరు సులువుగా ఇంకుతుంది. కాని వట్టికాళ్ళకు గుచ్చుకొంటవి, రాలిన ఆకు చీపురుకు రాదు, వాకరు వాటి మీద నిలవదు. కలబుర్గి వైపునుండి వచ్చే షాబాదు బండ చవుకైనది. అదీ సున్నపురాయి జాతిదే, నునుపు చేయనిది అయితే బయటకు పనికివస్తుంది. మంగళూరు వైపు ఎర్ర జంబిటి రాయి అందమైనదే గాని, నీడలో తడిసిన చోట పాచి పడుతుంది. సిమెంటు ఇటుకలను ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు పరిచే పద్ధతి ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నది. మనుషులు నడిచే చోటికి 60 మిల్లీమీటర్ల మందం చాలును, బండ్లు వచ్చే చోటికి 80 కావాలి. ఆ ఇటుకలను ఇసుక మీద పరిస్తే నీరు ఇంకుతుంది; కాంక్రీటు మీద పరిస్తే ఇంకదు. చాలా ఇళ్ళలో ఈ రెండవ తప్పే జరుగుతున్నది.

మేము ఎంచుకొన్నది ఇక్కడి రాయి, సాదరహళ్ళి రాయి అని పిలిచే బూడిదరంగు గ్రానైటు. బెంగుళూరు నగరం కూర్చున్నదే రాతి మీద. లాల్‌బాగులోని బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. 1956లో పూర్తయిన విధానసౌధ కట్టినది కూడా ఈ చుట్టుపక్కల గ్రానైటుతోనే. దీనికి మెరుగు పెట్టించకుండా, పైముఖం ఉలితో గరుకు చేయించి తీసుకొన్నాము. పులుపుకు చెడదు, తడిసినా కాలు పట్టుకొంటుంది, నల్లరాయి అంత వేడెక్కదు. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం గల పలక ఒక్కొక్కటి సుమారు 50 కిలోల బరువు. ఆ బరువే దానిని కదలనివ్వదు; సిమెంటు అవసరం లేదు.

వేసిన పద్ధతి ఇది. ఏడంగుళాల లోతు మట్టి తీసి, అడుగు నేలను దిమ్మిసతో గట్టిపరచాము. దాని మీద కంకర పోసి, కొట్టిన తరువాత నాలుగంగుళాలు నిలిచేటట్టు చూశాము. దాని పైన ఒక అంగుళం ముతక ఇసుక, ఇసుక మీద పలకలు. పలకకూ పలకకూ మధ్య అర అంగుళం సందు, అందులోనూ ఇసుకే. అర అంగుళం మించితే వాకరు కాలు చిక్కుకొనే భయం వున్నది. వాలు, ఇంటి గోడకు ఎదురుదిక్కుగా, అడుగుకు పావు అంగుళం. నడిచేవారికి తెలియదు, నీటికి తెలుస్తుంది. మామిడి మొదలు చుట్టూ నాలుగడుగులు మట్టే వదిలాము. గుమ్మం దగ్గర ఆరంగుళాల మెట్టు తీసివేసి, ఆరడుగుల పొడవున ఏటవాలు పెట్టించాము. బావికి కొంచెం ఎగువన ఒక ఇంకుడు గుంత ఆ పెద్దాయనే త్రవ్వాడు. బావి పూడికా ఆయనే తీశాడు.

మరి కడప బండలు? వాటిని పారవేయడానికి మాకు చేతులు రాలేదు. అమ్మకూ ఇష్టం లేదు. "రాయి మంచిదేనమ్మా, పెట్టిన చోటే మంచిది కాదు" అన్నాడు పెద్దాయన. పగిలిన ముక్కలను బాటకు ఇరుపక్కలా నిలువుగా పాతి అంచు కట్టాడు. మట్టి జారి బాట మీదికి రాదు. బాగున్న వాటిలో పెద్దవి రెండు ఏరి, మామిడి నీడలో తిన్నెగా అమర్చాడు. నీడలో అవి వేడెక్కవు, కూర్చునే చోట జారే భయం లేదు. మా నాన్నగారి రాయికి అట్లా పెరట్లో గౌరవమైన స్థానం దొరికింది.

2014 ఉగాదినాడు ఉదయం అమ్మ గుమ్మం దగ్గరకు వచ్చింది. ముందు రాత్రి మేము కావాలనే బాట మీద నీళ్ళు చల్లి వుంచాము, తడి మీద కూడా భయం లేదని ఆమెకు తెలియాలని. చాలాసేపు నిలబడి చూసింది. వాకరు ముందుకు పెట్టి, రాతిని దానితో రెండుసార్లు తట్టి చూసింది. తరువాత దిగింది. మేమిద్దరం చెరొక పక్క నడవబోతే, "ఒకరు చాలు, ఇంకొకరు వెనక రండి" అన్నది. చెట్టు దగ్గర ఆగి, దాని మీద చెయ్యి వేసింది. కోటకు నీళ్ళు పోసింది. తిరిగి వచ్చేటప్పుడు తిన్నె మీద కూర్చొని, ఆ నల్లరాయిని అరచేతితో తుడిచి, "మీ నాయన వుంటే మిమ్మల్ని బాగా తిట్టి వుండేవాడు" అన్నది. తొమ్మిది నెలలు కిటికీ దగ్గర కూర్చొని అనని మాట ఆనాడు అన్నది. మా గుండెల మీద బరువు దిగినట్టయినది.

ఆ తరువాత నాలుగేళ్ళు ఆమె ఆ దోవన రోజూ నడిచింది. 2018లో వెళ్ళిపోయింది. చివరి వారం దాకా పారిజాతం పూలు తానే ఏరుకొన్నది.

బావి సంగతి కూడా చెప్పాలి. 2024 వేసవిలో బెంగుళూరులో ఎన్నో బోరుబావులు ఎండిపోయి, ట్యాంకరు నీళ్ళ కోసం జనం అల్లాడినప్పుడు, మా బావిలో అడుగున నాలుగడుగుల నీరు వున్నది. అదంతా మా బాట పుణ్యమేనని మేము చెప్పము. భూమి లోపలి నీరు ఒక్కరి సొత్తు కాదు, మన ఇంట ఇంకినది పక్కింటికీ పోతుంది, పక్కింట ఇంకినది మనకూ వస్తుంది. కాని మా పెరడు ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో తిరిగి చేరింది గదా అని తృప్తి. మామిడి మళ్ళీ కాస్తున్నది.

ఇప్పుడు ఆ తిన్నె మీద సాయంకాలాలు మేమే కూర్చుంటున్నాము. మాకూ వయస్సు మీద పడినది. అమ్మ కోసం వేశామనుకొన్న బాట మీద, వాన వెలిసిన తరువాత, ఒకరి భుజం ఒకరు పట్టుకొని నెమ్మదిగా నడుస్తున్నది మేము.

చదువరులలో ఎవరైనా ఇంటి ముందో వెనుకో నేల వేయించే ఆలోచనలో వుంటే, ఒక్క మనవి. రాయి కొనడానికి ముందు పది రోజులు మట్టి మీద నడిచి చూడండి. ఇంట్లో పెద్దవారిని అడగండి. వారు "మీ ఇష్టం" అంటే, అక్కడితో ఆపక ఇంకొకసారి అడగండి.